జంతిక గృహప్రవేశం

ఆ రోజుల్లో, సరిగ్గా కొలిచినదేదైనా సరిగ్గానే నడుస్తుందని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఇరవై ఏడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, చేతినిండా పరికరాలు. అటువంటి స్థితిలో నమ్మకాలకు కొదవ ఉండదు, వాటి ఫలితం అనుభవించే పక్కవాళ్ళకు ఓపిక ఉండాలి గానీ. కాబట్టి ఈ సంగతిని కూడా కొలతలతోనే మొదలుపెడతాను. దీపావళికి ముందటి శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, పోర్ట్‌లాండ్ దగ్గరి ఒక ఇంటినుంచి సుమారు నూట తొంభై మైళ్ళు ప్రయాణం చేసి, బాతెల్‌లోని మా రెండు పడకగదుల అపార్ట్‌మెంటుకు ఒక పాము వచ్చింది. పొడవు డెబ్బై ఆరు సెంటీమీటర్లు, బరువు ఐదువందల నలభై గ్రాములు. పాము నూలు దిండు గలీబులో, గలీబు ప్లాస్టిక్ డబ్బాలో, డబ్బా వెనక సీట్లో కూర్చున్న మా చెల్లెలి ఒళ్ళో. కారు నడిపినవాడు మా బాబాయి. దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదట (అద్దంలో కూడా చూడలేదని, వెనకనుంచి వచ్చే లారీల సంగతి తానే చెప్పవలసి వచ్చిందని చెల్లెలి ఫిర్యాదు).

చెల్లెలంటే మా బాబాయి కూతురు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. పన్నెండో ఏట పట్టుబట్టి పాముపిల్లను కొనిపించుకుని, దాని గోధుమరంగునూ చుట్టలనూ చూసి 'జంతిక' అని పేరు పెట్టింది. పేరు పలకడం మాత్రం ఆమెకు ఈనాటికీ సరిగ్గా రాదు, 'జాంటికా' అంటుంది. బాల్ పైథాన్ అనే ఈ జాతికి విషం లేదు, కోపం లేదు, ఉన్నదల్లా బిడియమే. భయం వేస్తే బంతిలా చుట్టుకుని, తలను చుట్టల మధ్య దాచుకుంటుంది. ఆ సంవత్సరం చెల్లెలు మా ఇంటికి డెబ్బై అయిదు మైళ్ళ ఉత్తరాన ఒక కాలేజీలో చేరింది. హాస్టల్లో జంతువులకు అనుమతి లేదు. దీపావళికి ఇల్లు దులిపేలోపల పాము వెళ్ళిపోవాలని, లేకపోతే తానే దానిని జంతువుల షెల్టర్‌కు ఇచ్చేస్తానని మా పిన్ని తేల్చి చెప్పింది. ఆరేళ్ళు పెంచుకున్న ప్రాణి. చెల్లెలు ఫోనులో ఏడుస్తూ ఉంటే నేను ధీరోదాత్తంగా "నా దగ్గర ఉంచు" అన్నాను.

గాజుపెట్టెను నా గదిలో ఒక మూల అమర్చి, రెండు వైపులా రెండు చీకటి గూళ్ళూ, నీళ్ళగిన్నె, అడుగున వేడి పలక పెట్టి, జంతికను లోపల వదిలాక, చెల్లెలు నాకు ఆదేశాలు ఇచ్చింది.

"అన్నయ్యా, వీడు చాలా షై. కొత్త ఇల్లు వీడికి స్కేరీ. సో టెన్ డేస్ ఏమీ చేయొద్దు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. ముట్టుకోవద్దు. ఎత్తుకోవద్దు. ఊరికే ఊరికే చూడొద్దు. వాటర్ మార్చు, అంతే. నెక్స్ట్ సండే ఒక మౌస్ ఇవ్వు. తినకపోతే తీసేయ్, మళ్ళీ వన్ వీక్ వెయిట్ చెయ్. నువ్వు జస్ట్ బోరింగ్‌గా ఉండు."

"అది వాడికి పుట్టుకతో వచ్చిన విద్యేలే" అన్నాడు బాబాయి, గుమ్మం అవతలే నిలబడి.

"నేను సీరియస్, డాడీ. ఇక్కడ కుదరకపోతే అమ్మ షెల్టర్‌కి ఇచ్చేస్తుంది." తర్వాత నా వైపు తిరిగి, నా చిటికెనవేలిని తన చిటికెనవేలితో పట్టుకుని, "ప్రామిస్?" అంది. ప్రమాణం చేశాను. నా జీవితంలో ఎవరైనా నాకు అప్పగించిన పనులన్నిటిలోకీ ఇంత తేలికైనది లేదని కూడా అనుకున్నాను.

ఏమీ చేయకుండా నేను ఉండగలిగినది నాలుగు గంటల పది నిమిషాలు.

నా వృత్తిని గురించి ఒక మాట చెప్పాలి. ఒక బయోటెక్ కంపెనీలో ఇంక్యుబేటర్ల ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం నా పని. జీవకణాలు పెరిగే ఆ పెట్టెల్లో ముప్పై ఏడు డిగ్రీలంటే ముప్పై ఏడే. పదోవంతు తేడా వచ్చినా నా ఫోను మోగేది. అటువంటివాడి కంటికి, వెచ్చనివైపు ముప్పై రెండు డిగ్రీలు ఉండవలసిన గాజుపెట్టెలో ముప్పై ఒకటీ పాయింట్ రెండు కనిపిస్తే చేతులు ముడుచుకుని ఎలా కూర్చోవడం? ఒక సెన్సరు అంటించాను. ఒక సెన్సరు చెప్పినదాన్ని నమ్మకూడదని మా వృత్తిలో సూత్రం, కనుక రెండోది. ఆదివారానికి ఏడు అయ్యాయి. వాటిని అంటించేందుకు ఏడుసార్లు మూత తెరిచాను. కానీ జంతికను ముట్టుకోలేదు గనుక మాట తప్పలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. సోమవారం నాడు, నా గది కిటికీనుంచి చల్లగాలి వస్తోందని లెక్క తేలడంతో, పెట్టెను హాల్లోకి మార్చాను. మంగళవారం కెమెరా పెట్టాను. బుధవారం అసలు తెలివి వెలిగింది. చీకటి గూళ్ళలో దూరితే కెమెరాకు జంతిక కనిపించడం లేదు; కొలవలేనిదాన్ని సరిదిద్దలేము. అందుచేత ఆ రెండు గూళ్ళనూ తీసేసి, సరిగ్గా అవే కొలతలతో, పారదర్శకమైన యాక్రిలిక్ గూళ్ళు చేయించి పెట్టాను. లోపలి పొడవు వెడల్పుల్లో ఒక మిల్లీమీటరు కూడా తేడా లేదు. దాక్కోవడానికి పెట్టిన గూటిలోంచి దాక్కున్నవాడు అందరికీ కనిపిస్తాడన్న చిన్న సంగతి నా లెక్కల్లో ఎక్కడా ఎదురు కాలేదు.

ఆ సంగతి వెంటనే పట్టుకున్నవాడు నా రూమ్మేట్. ఊళ్ళో రెండుసార్లు గ్రూప్స్ పరీక్షలు రాసి, మూడోసారి జావా నేర్చుకున్న కరీంనగర్ మనిషి; స్నేహితులందరికీ 'కలెక్టర్'. పాములంటే ఎంత భయమంటే, టీవీలో పాము వస్తే సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకునేవాడు. ఈ ఏర్పాటుకు ఒప్పుకోవడమే గొప్ప. అప్పటికే ఒక దెబ్బ తిని ఉన్నాడు: చెల్లెలు ఇచ్చి వెళ్ళిన గడ్డకట్టిన ఎలుకలను నేను మన ఇళ్ళల్లోని ఆచారం ప్రకారం ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో సర్ది ఫ్రీజర్‌లో పెట్టగా, ఆదివారం భోజనమయ్యాక అతడు చెంచాతో సహా వెళ్ళి దానిని తెరిచాడు. (ఆ కేక విని కింది అంతస్తువాళ్ళు తలుపు తట్టారు. నేను వెళ్ళి, ఇండియా క్రికెట్ మ్యాచ్ గెలిచిందని చెప్పాను.) "బటర్‌స్కాచ్ డబ్బల ఎలుకలేందిరా భయ్! గోంగూర పక్కకే పెట్టినవ్ గదరా!" అని రెండు రోజులు కుమిలాడు. బుధవారం సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, పది అడుగుల దూరంలో గోడకు ఆనుకుని, వేళ్ళ సందులోంచి నా కొత్త గూళ్ళను చూశాడు.

"గిదేందిరా?"

"అప్‌గ్రేడ్."

"చీకట్ల దాక్కుందామని సూసేదానికి అద్దాలమేడ కట్టించినవా? నాలుగు దిక్కుల లైట్లు, నెత్తిమీద కెమెరా. నువ్వు గట్ల పండుకుంటవారా?"

"పాముకు ఆప్టిక్స్ తెలియవురా."

"దానికి తెల్వదు. నీకు సిగ్గు తెల్వదు" అని కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ తన గదిలోకి పోయాడు.

జంతిక అప్పటినుంచి పగలూ రాత్రీ బంతిలా చుట్టుకునే ఉంది. అది భయానికి గుర్తని చెల్లెలు చెప్పింది, నాకు తెలుసు. కానీ సెన్సర్లు లాప్‌టాప్ తెరమీద గీసే ఉష్ణోగ్రత గీత తిన్నగా, ఒక్క వంకర లేకుండా సాగుతోంది. నేను పామును చూడడం మాని గీతను చూసి మురిసిపోయాను. ఆదివారం ఇచ్చిన ఎలుకను అది ముట్టలేదు. తీసేసి వారం ఆగమన్న ఆదేశాన్ని పక్కనపెట్టి, మూడేసి గంటలకొకసారి, ఎలుక ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా మారుస్తూ, మరో మూడుసార్లు పట్టకారుతో దాని చుట్టల ముందు ఊపాను. ప్రతిసారీ జంతిక ఇంకాస్త బిగిసింది.

ఇక నాగులచవితి సంగతి. పక్క బిల్డింగులో పులిహోర ఆంటీ ఉండేది. గుంటూరు ఆవిడ, మాలాంటి పెళ్ళికాని కుర్రవాళ్ళకు పండగలకే కాక గ్రహణాలకు కూడా పులిహోర పంపే ఉదారురాలు. దీపావళినాడు వాళ్ళింట్లో భోజనం చేస్తూ నేను ఏడు సెన్సర్ల కథ వినిపించాను. ఎవరూ అడగలేదు, చెప్పాలనిపించి చెప్పాను. ఆవిడ గరిటె పట్టుకున్న చేతిని అలాగే ఆపింది.

"అంటే, మీ ఇంట్లో నిజంగా నాగేంద్రుడు ఉన్నాడా బాబూ?"

"నాగుపాము కాదాంటీ, పైథాన్."

"ఏదో ఒకటిలే, ఆ కుటుంబమేగా. సోమవారం చవితి. ఈ దేశంలో పుట్ట ఎక్కడని వెతుకుతాం? పోయినేడు గుళ్ళో థర్మోకోల్ పుట్ట పెట్టారు, దానిమీద పాలు పోస్తుంటే ఏవిటో సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఉన్నట్టుంది. ఒక్క ఐదు నిమిషాలు వచ్చి, దూరంనుంచి దణ్ణం పెట్టుకుని పోతాను."

"పాములు పాలు తాగవాంటీ."

"నాకు తెలియదుటయ్యా? బాటనీ ఎమ్మెస్సీని. తాగుతుందని ఎవరు పోస్తారు? మన చేతి తృప్తికి పోస్తాం."

ఇక్కడ నేను 'వద్దు' అనవలసింది. పది రోజులు ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదని ఒక్క మాట చెబితే ఆవిడ ఎంత మాత్రమూ నొచ్చుకునేది కాదు. మరో రెండు గారెలు వడ్డించేది కూడా. చెప్పకపోవడానికి కారణం మొహమాటమని చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. నిజం అది కాదు. ఆవిడ తర్వాత అన్న మాట: "ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నావో, మా వాళ్ళు కూడా చూడాలి." నా అద్దాలమేడను పదిమంది చూడాలని నాకూ ఉంది.

ఆవిడ పెట్టిన ఒక వాట్సాప్ సందేశంతో సోమవారం ఉదయానికి ఒకరు పంతొమ్మిదిమంది అయ్యారు. నేను బెదరలేదు. అందరూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళే కనుక ఏడు గంటల నుంచి మనిషికి నాలుగు నిమిషాల చొప్పున వరస వేశాను. చెప్పులకు ఒక చోటు, పాలు పోయడానికి పెట్టెకు రెండడుగుల దూరంలో స్టీలు బేసిను. పూజలూ తిరగమోతలూ ఉన్నప్పుడు పైకప్పుకు ఉండే పొగ గంటకు (స్మోక్ అలారమ్‌కు), అది మోగకుండా పాలిథిన్ సంచి తొడగడం ఇక్కడి మనవాళ్ళందరికీ అలవాటు. కలెక్టర్ ఆ ఉదయం సంచి, రబ్బరు బ్యాండు పట్టుకుని కుర్చీ ఎక్కితే, అది నియమవిరుద్ధమని నేనే దించాను.

మొదటి పదకొండుమంది సజావుగా వెళ్ళారు. పట్టుచీరల మీద జాకెట్లు, మెడలో ఆఫీసు బ్యాడ్జీలు, చేతిలో చిమ్మిలీ చలిమిడీ. ప్రతివారూ గాజు మీదికి వంగి, "అబ్బ, తల ఏదీ? తల చూపించదేం?" అని అడగడం, నేను గీతను చూపించి వివరించడం. పన్నెండో ఆవిడ అగరుబత్తీలు ఒక కట్ట మొత్తం వెలిగించింది. పొగ గంట అందుకుంది. గాజుపెట్టె నెత్తిన, ఎనిమిది అడుగుల ఎత్తునుంచి, అదొక కత్తిలాంటి కూత. ఎవరో పిల్ల ఏడ్చింది. కలెక్టర్ అలవాటుకొద్దీ తువ్వాలు తీసుకుని గంట కింద ఎగురుతూ విసరసాగాడు. తాను పాముకు అడుగు దూరంలో ఉన్నానని అప్పుడే చూసుకుని, తువ్వాలు వదిలి పరుగెత్తాడు. ఆ తాకిడికి ఒకావిడ చేతిలోని పాలచెంబు సరాసరి పెట్టె జాలిమూత మీద ఒరిగింది. పాలు సెన్సర్ల మీద, వేడి పలక తీగ మీద, జంతిక మీద. తెరమీద నా గీత మొదటిసారి వంకరపోయింది. నేను మూత తెరిచి, పామును కాదు, సెన్సర్లను తుడిచాను. తర్వాత తీగ పీకాను. తర్వాత కుర్చీ ఎక్కి గంట ఆపాను. తర్వాత అందరినీ క్షమాపణలతో సాగనంపాను. తర్వాత తిరిగి వచ్చి చూస్తే మూత తెరిచే ఉంది, పెట్టెలో ఎవరూ లేరు.

కలెక్టర్ ఆ మాట వినగానే తాళాలూ దుప్పటీ పట్టుకుని కారులోకి వెళ్ళి, లోపలినుంచి తలుపులు బిగించుకున్నాడు. నేను సెలవు పెట్టి సాయంత్రందాకా వెతికాను. బయట నవంబరు వాన. ఇంట్లో అరవై ఎనిమిది ఫారెన్‌హీట్, అంటే పెట్టె లెక్కలో ఇరవై డిగ్రీలే. ఆ చలి కొన్ని రోజులు సాగితే అటువంటి ప్రాణికి ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఐదింటికి చెల్లెలు వీడియో కాల్ చేసింది. పదోరోజు పూర్తయింది కదా, జంతికను ఒక్కసారి చూపించమంది.

ఇది చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. రాతకు కాబట్టి వస్తోంది. కెమెరాలో పాత దృశ్యాలన్నీ భద్రంగా ఉన్నాయి. "ఇప్పుడు పెట్టె తెరవడం మంచిది కాదు, కెమెరాలోంచి చూడు" అని, శనివారం నాటి దృశ్యాన్ని తెరమీద పెట్టి పంచుకున్నాను. మూలనున్న తేదీ కనబడకుండా దానిమీదికి తెరపై మరో విండోను జరిపాను. అంచులు సరిగ్గా కుదిరేలా జరిపాను.

చెల్లెలు చాలాసేపు చూసింది. "వాడు ఇంకా బాల్‌లోనే ఉన్నాడు. బట్ ఓకే, టైమ్ పడుతుంది. నువ్వు ఏమీ చేయలేదు కదా?"

"లేదు."

"ఐ నో ఇట్స్ హార్డ్ ఫర్ యూ, అన్నయ్యా. థాంక్యూ. అందరిలో నువ్వు ఒక్కడే నేను చెప్పింది విన్నావు."

ఫోను పెట్టేశాక సోఫా కింద టార్చి వేసి మళ్ళీ వెతికాను. వెతకడానికి కాదు, ముఖం కిందికి పెట్టుకునేందుకు ఒక పని కావలసి వచ్చింది.

మంగళవారం పొద్దున కలెక్టర్ కారులోంచి దిగి, గుమ్మం దాటకుండా నిలబడి అడిగాడు. "చెల్లెకు చెప్పినవా?"

"దొరికాక చెబుదామని."

"దొరకకపోతే? పిల్ల రేపు వచ్చి అడిగితే ఏం జూపిస్తవ్, సిన్మానా?" దృశ్యం సంగతి నేనే చెప్పి ఉన్నాను, ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. "నేను పాముకు భయపడ్డ, నువ్వు పద్దెనిమిదేండ్ల పిల్లకు భయపడుతున్నవ్. జల్ది చెప్పు, లేకుంటే నేను జెప్త."

చెప్పాను. పూజ, పాలు, మూత, అన్నీ. చెల్లెలు ఫోనులో అంతా వింది.

"సో... నిన్న నేను చూసింది?"

"శనివారంది."

"ఓకే" అంది. అంతే. అరిచి ఉంటే బాగుండేది. అరుపుకు సమాధానం చెప్పవచ్చు.

బుధవారం మధ్యాహ్నం ల్యాబ్ పరీక్ష వదులుకుని, బస్సెక్కి వచ్చింది. నాతో పలకలేదు. అప్పటికే అక్కడ పులిహోర ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. "తప్పు నాదేనమ్మా, నేనే పట్టుబట్టాను" అంది.

"ఇట్స్ ఓకే ఆంటీ. మీకు ఎవరూ చెప్పలేదు కదా" అంది చెల్లెలు. "అన్నయ్యకి చెప్పాను."

తర్వాత ఆమె పనిలోకి దిగింది. దీపాలన్నీ తీసేయించింది. నా టార్చి లాక్కుంది. నేల మీద పిండి చల్లితే పాము కదిలిన జాడ కనబడుతుందని, ఏదైనా పిండి ఉందా అని అడిగింది. ఆంటీ ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఇంటికి వెళ్ళి బియ్యప్పిండి గిన్నె తెచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జార్చుతూ, హాలు గుమ్మానికొకటి, వంటింటికొకటి, రెండు గదులకూ రెండు, నడవకు ఒకటి, లాగిపట్టిన దారం లాంటి ముగ్గుగీతలు వేసింది. ఆ గీతలు నా తెరమీది గీతకన్నా తిన్నగా ఉన్నాయి. అందరం ఆంటీ వాళ్ళింటికి వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీగా వదిలేశాం. మా ఇంట్లో ఎవరూ ఏమీ చేయకుండా గడిచిన మొదటి రాత్రి అది.

గురువారం పొద్దున నడవలోని గీత ఒకచోట చెరిగి ఉంది. అక్కడ పిండిలో ఒక మెలిక, వాటర్ హీటర్ ఉండే చిన్న కొట్టుగది వైపు. చెల్లెలు బోర్లా పడుకుని తలుపు సందులోంచి చూసింది. చూసి, నన్ను కూడా పిలిచింది. పేరుతో కాదు, చేత్తో. హీటరు కింద, ఎన్నేళ్ళదో తెలియని దుమ్ములో, వెచ్చగా, చీకట్లో, జంతిక ఉంది. బంతిలా లేదు. వదులుగా పరుచుకుని, తల బయటపెట్టి, నాలుక మెల్లగా ఆడిస్తోంది. ఆ పదమూడు రోజుల్లో దాని ముఖాన్ని నేను చూడడం అదే మొదటిసారి.

"ఇక్కడ హ్యాపీగా ఉన్నాడు" అంది చెల్లెలు, ముక్కు ఎగబీలుస్తూ.

పామును తీసి, గోరువెచ్చని నీళ్ళతో పాలజిడ్డు కడిగి, గలీబులో పెట్టాక, వంటింట్లో అందరం నిలబడ్డాం. ఇప్పుడు ఎక్కడ ఉంచాలి? పిన్నికి తెలిస్తే షెల్టరే. కాలేజీలో వీలు లేదు. మరో ప్రయాణం అసలే మంచిది కాదు. "అన్నయ్య రూమ్ వద్దు" అంది, నా వైపు చూడకుండా. గుమ్మం దగ్గర గోడకు అంటుకుని ఉన్న కలెక్టర్ వైపు తిరిగింది.

"అన్నా, మీకు పాము అంటే భయమా?"

"భయం గాదు చెల్లె, పానం పోతది."

"దగ్గరికి వెళ్తారా?"

"తల నరికినా పోను."

"చూస్తారా?"

"దాని దిక్కే సూడ."

"పర్ఫెక్ట్" అంది చెల్లెలు.

పాము తన గదిలోకి రాబోతోందని అర్థం కావడానికి అతడికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు చేతులు జోడించలేదు, బతిమాలలేదు. ఊరికే గలీబును గుండెకు ఆనించుకుని నిలబడింది. కలెక్టర్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పైకప్పును చూశాడు.

"రూం తాళం ఎవలి దగ్గరుంటది?"

"మీ దగ్గరే."

"వీని దగ్గర ఇంకోటి ఉండది గద?"

"ఉండదు."

"అట్లయితే పెట్టు. ఇంట్ల యాడున్నదో తెల్వని పాముకంటె నా తాళంల ఉన్న పాము నయం."

సెన్సర్లన్నిటినీ తీసేశాం, థర్మోస్టాట్ ఒక్కటే మిగిలింది. చెల్లెలు అట్టపెట్టెలు కోసి రెండు చీకటి గూళ్ళు చేసి, పెట్టె మీద దుప్పటి కప్పి వెళ్ళింది. కలెక్టర్ రోజూ గోడవైపు తిరిగి, చెయ్యి ఒక్కటే వెనక్కి చాచి నీళ్ళగిన్నె మార్చేవాడు. తర్వాతి వారం ఆదివారం, తొమ్మిది అంగుళాల పట్టకారుతో ఎలుకను లోపలికి దించి, కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టాడు. నడవలో, మూసిన తలుపు బయట నేను నిలబడి ఉన్నాను. ఒక చిన్న తటాలుమన్న శబ్దం, ఆ వెంటనే లోపలినుంచి కేక: "తిన్నదిరా! తిన్నది! చెల్లెకు ఫోన్ కొట్టు!" ఫోను నేను కొట్టలేదు, అతడినే కొట్టమన్నాను. ఆ హక్కు అతడిది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. కలెక్టర్ తర్వాత వర్జీనియాలో షాంటిలీకి మారాడు, ఇప్పటికీ చెల్లెలు పుట్టినరోజుకు "నా పామెట్లున్నది?" అనే అడుగుతాడు. చెల్లెలు చదువు ముగించి, సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తూ, జంతికను తన దగ్గరే ఉంచుకుంది. పోయినేడు పనిమీద వెళ్ళి రెండు రోజులు ఆమె ఇంట్లో ఉన్నాను. పెట్టె ముందు కూర్చుంటే, అట్టగూటి చీకటిలోంచి కేవలం ఒక ముక్కు కనిపించింది. అరగంట ఊరికే కూర్చున్నాను. నుదుటిమీద నెరిసిన వెంట్రుకలతో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్న నన్ను ఆ గాజులో చూసుకుంటే నవ్వొచ్చింది. ఉష్ణోగ్రత ఎంతో అడగాలని చాలా అనిపించింది, అడగలేదు. చెల్లెలు వంటింట్లోంచి, "గుడ్ జాబ్ అన్నయ్యా" అంది.

లెక్క చెప్పి ముగిస్తాను. పాలకు బలైన సెన్సర్లు మూడు. పారదర్శకపు గూళ్ళు రెండు. ఎందుకూ పనికిరాక పారేశాను. కలెక్టర్ కారులో గడిపిన రాత్రులు రెండు. చెల్లెలు వదులుకున్న ల్యాబ్ పరీక్ష ఒకటి, దానివల్ల తగ్గిన గ్రేడు ఒకటి. జంతిక కోల్పోయిన బరువు ముప్పై గ్రాములు. ఆరు వారాల్లో తిరిగి వచ్చింది. నా మీద చెల్లెలి నమ్మకం, మొత్తం. సుమారు సగం తిరిగి వచ్చింది.